గడువు ఈ రాత్రి పన్నెండింటి వరకే

మధ్యాహ్నం నుంచి ఒక మెయిలు నా మనసులోంచి పోవడం లేదు. అది వచ్చింది నాకు కాదు, అత్తయ్యకు. ఫ్రిజ్ బిల్లు ఆవిడ పేరు మీద ఉంది కాబట్టి ఆ కంపెనీ వాళ్ళ దగ్గర ఆవిడ పేరు, చిరునామా ఉన్నాయి. భోజనాలయ్యాక ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చి, "ఇది నిజమేనా అమ్మాయ్, నొక్కేదా వద్దా?" అని అడిగారు. పాత కొనుగోలుదారులకు కృతజ్ఞతగా రెండు వేల రూపాయల కూపన్ కేటాయించామనీ, గడువు ఈ రాత్రి పన్నెండింటి వరకేననీ, కింద ఉన్న ఎర్రటి మీట నొక్కి వివరాలు నింపాలనీ అందులో రాసి ఉంది. హాల్లోంచి ఈయన, ఫోను వంక చూడకుండానే, "దొంగ మెయిలు, తీసేయమ్మా" అన్నారు. చూడకుండా తీర్పు చెప్పడం నాకు ఎప్పుడూ నచ్చదు. చేతులు తుడుచుకుని ఫోను తీసుకున్నాను.

పైన కనిపించే పంపినవారి పేరుతో తేలేదేమీ లేదు. అక్కడ ఎవరు ఏ పేరైనా రాసుకోవచ్చు. ఆ పేరు మీద వేలు పెడితే కనిపించిన అసలు చిరునామాలో కంపెనీ పేరు లేదు, ఎప్పుడూ వినని మరో సంస్థ పేరు ఉంది. తరువాత ఎర్రటి మీటను నొక్కి వదలకుండా కాసేపు వేలు అలాగే ఉంచాను. అప్పుడు ఆవిడ ఫోనులో ఆ లింకు తెరుచుకోదు, ఎక్కడికి తీసుకెళుతుందో మాత్రం చూపిస్తుంది. వెబ్ చిరునామాను ఎడమ నుంచి కాదు, కుడి నుంచి చదవాలి. మొదట్లో ఉండే జంట ఏటవాలు గీతల (//) తరువాత వచ్చే తొలి ఒంటి ఏటవాలు గీత (/) దగ్గర ఆగి, డాట్ కామ్, డాట్ ఇన్ వంటి తోకకు సరిగ్గా ముందున్న మాట ఏమిటో చూడాలి. ఆ మాటే యజమాని. దానికి ఎడమవైపు ఎంత పెద్ద కంపెనీ పేరైనా ఎవరైనా తగిలించుకోగలరు. ఇక్కడ జరిగింది సరిగ్గా అదే: కంపెనీ పేరు ఎడమ పక్కన ఉంది, యజమాని స్థానంలో ఆ వినని పేరే ఉంది.

ఇవన్నీ కలిపి చూస్తే మోసమనే అనిపించింది. తొందరపెట్టే గడువు ఉంది, అడగని బహుమతి ఉంది, పొంతన లేని చిరునామా ఉంది. తెలుగు మాత్రం తప్పుల్లేకుండా ఉంది గాని, ఇప్పుడు అది ఏ భరోసా ఇవ్వదు. ఇంతకుముందు వత్తులు, దీర్ఘాలు తప్పి వచ్చే మెయిళ్ళను చూడగానే పట్టుకునేవాళ్ళం. యంత్రాలే చక్కటి తెలుగు రాసి ఇస్తున్న ఈ రోజుల్లో ఆ గుర్తు పోయింది.

అప్పుడే అమ్మమ్మగారి ఊరు అల్లూరు గుర్తుకొచ్చింది. అమ్మమ్మగారింట్లో చిన్నమామయ్య వారపత్రికల వెనక పేజీల్లో వచ్చే పోటీలు నింపేవాడు. 1 నుంచి 9 వరకు అంకెలను తొమ్మిది గళ్ళలో ఎటు కూడినా 15 వచ్చేలా రాసి పంపితే ట్రాన్సిస్టరు రేడియో బహుమతి. నడిమి గడిలో 5, మూలల్లో సరి అంకెలు అని తెలిస్తే మిగతాది బడిపిల్లలు కూడా నింపేస్తారు. అంత తేలిక లెక్కకు అంత బహుమతి ఏమిటని అప్పుడు ఎవరమూ అనుకోలేదు. కొన్ని వారాలకు, మీరు గెలిచారు, తపాలా, ప్యాకింగు ఖర్చులు మాత్రం చెల్లించి వస్తువు విడిపించుకోండి అని ఉత్తరం వచ్చింది. దాని వెనకే వి.పి. పార్సెలు వచ్చింది.

ఆ పార్సెలు ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది. తెల్లటి ముతక గుడ్డతో కుట్టి, కుట్టు పొడుగునా లక్క ముద్రలు వేసి ఉంది. పోస్టుమేను వీధి అరుగు మీద కూర్చుని, "డబ్బు కడితేనే చేతికియ్యాల అయ్యా, ముందు విప్పి చూసేదానికి ల్యా" అన్నాడు. అది అతని నిబంధన. కట్టిన డబ్బు మనియార్డరుగా పంపినవాడికి చేరుతుంది, పార్సెలు మన చేతికి వస్తుంది, అంతటితో తపాలా వారి పని అయిపోతుంది. తాతయ్యకు ముందే అనుమానం వచ్చింది. తిప్పి పంపమని అమ్మమ్మ తలుపు చాటు నుంచి సైగ చేసింది కూడా. కానీ ఎదురింటివాళ్ళు, పొలం నుంచి వచ్చినవాళ్ళు చుట్టూ చేరి చూస్తుండగా, కొడుకు పేరున వచ్చిన బహుమతిని తిప్పి పంపడం తాతయ్యకు చేతకాలేదు. బీరువా తీసి డబ్బు తెచ్చి కట్టారు. లోపల డబ్బా ఉంది, గుండ్రటి మీట ఉంది, లాగితే పొడవయ్యే ఏరియలు ఉంది. విజయవాడ గాని, మద్రాసు గాని పలకలేదు. గరగరమని ఒకటే చప్పుడు. మామయ్య ఆ సాయంత్రం అన్నం తినలేదు. తాతయ్య అతన్ని ఒక్క మాట కూడా అనలేదు, అదే మామయ్యకు ఇంకా కష్టమైంది.

ఇంత గుర్తుకొచ్చాక మెయిలు తీసేయడమే మిగిలింది. అయినా ఒక్క పరీక్ష వదిలేసినట్టు తోచింది. మెయిల్లోని లింకు జోలికి పోకుండా, ఫ్రిజ్ బిగించిన రోజు ఆ కంపెనీ మనిషే అత్తయ్య ఫోనులో వేసిన యాప్ తెరిచి, ఆవిడ ఖాతాలోకి వెళ్ళాను. కూపన్ అక్కడ ఉంది. రెండు వేల రూపాయలు, గడువు నేటి రాత్రి పన్నెండు. మెయిలు నిజమైనదే. అత్తయ్య ముఖం వెలిగింది.

అక్కడి నుంచే నాకు కోపం మొదలైంది, ఇంకా దిగలేదు. ఇంత పెద్ద కంపెనీ, తన పాత కొనుగోలుదారుకు రాసే మెయిలును దొంగవాడు రాసినట్టే ఎందుకు రాస్తుంది? విచారిస్తే తెలిసింది, ఆ వినని పేరు కంపెనీల తరఫున లక్షల మెయిళ్ళు పంపిపెట్టే సంస్థదట. మీట ఎవరు నొక్కారో లెక్కపెట్టుకోవడానికి లింకును తమ చిరునామా మీదుగా తిప్పుతారట. పంపడం వాళ్ళకు అప్పగించినా తమ సొంత చిరునామాతోనే పంపించే వీలుంది, లింకు కూడా తమ పేరు మీదే పెట్టుకోవచ్చు. ఆ మాత్రం శ్రమ తీసుకోలేదు. ఒకవైపు, తెలియని లింకులు నొక్కవద్దని ఇదే కంపెనీ బిల్లు వెనక అచ్చు వేస్తుంది. మరోవైపు తెలియని లింకును తానే పంపి, రాత్రి పన్నెండు కొట్టేలోపు నొక్కమంటుంది. ఇలా నిజమైనవాళ్ళే అలవాటు చేస్తే, రేపు దొంగ మెయిలు వచ్చినప్పుడు డెబ్బై దాటిన మనిషి దేన్ని చూసి ఆగాలి?

సాంకేతికంగా చూసినా ఊరట లేదు. జీమెయిల్ వివరాల్లో సైన్డ్ బై అని ఒక వరుస ఉంటుంది. మెయిలు ఏ డొమైన్ (తోకతో సహా, చిరునామాలో యజమానిని చెప్పే పేరు) సంతకంతో వచ్చిందో అది చెబుతుంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు మించి మెయిళ్ళు పంపేవారికి గూగుల్ ఇటువంటి ధ్రువీకరణను తప్పనిసరి చేసింది. మంచి పనే. అయితే ఆ సంతకం చెప్పేది పంపినది ఫలానా డొమైన్ అని మాత్రమే, ఆ డొమైన్ యజమాని మంచివాడని కాదు. మోసగాడు కూడా కొత్త డొమైన్ కొనుక్కుని శుభ్రంగా సంతకం పెట్టుకోగలడు.

బ్యాంకుల విషయంలో రిజర్వు బ్యాంకు 2025లో చేసిన ఏర్పాటు నాకు నచ్చింది. బ్యాంకులన్నీ అక్టోబరు 31లోగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అన్న తోకకు మారాలని చెప్పి, ఆ పేర్లు నమోదు చేసే పని హైదరాబాదులోని ఐ.డి.ఆర్.బి.టి. అనే బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ ఒక్కదానికే అప్పగించింది. ఆ తోక ఎవరు పడితే వారికి దొరకదు. ఎస్.ఎమ్.ఎస్.లకు కూడా పంపినవారి పేరు చివర ప్రచారమైతే పి, సేవ అయితే ఎస్, లావాదేవీ అయితే టి, ప్రభుత్వమైతే జి అన్న అక్షరం వస్తోంది. అత్తయ్యకు ఆ నాలుగు అక్షరాలు నేర్పాను, గుర్తుపెట్టుకున్నారు. మెయిలుకు అలా అందరికీ తప్పనిసరి చేసిన గుర్తు ఏదీ లేదు.

ఈయన మాట గురించి రాత్రి మళ్ళీ ఆలోచించాను. ఆయన తీర్పు తప్పే అయినా, దానివల్ల పోయేది ఒక కూపన్ మాత్రమే. నమ్మి నొక్కే అలవాటు వల్ల ఖాతా మొత్తం పోవచ్చు. అలా చూస్తే ఆయనదే మంచి పద్ధతి అనిపించింది. అయితే చూడకుండా తీసేసే అలవాటుకు ఒక రోజు బీమా నోటీసో, పింఛను కాగితమో కూడా పోతుంది. కాబట్టి అత్తయ్యకు వేరే చెప్పాను: మెయిలు ఏం చెప్పినా వినవచ్చు, కానీ అది చూపిన దారిలో వెళ్ళవద్దు, ఆ కంపెనీ యాప్ మనమే తెరిచి చూడాలి, అక్కడ లేకపోతే అది లేనట్టే. డబ్బు పోయిందని అనుమానం వస్తే ఆ క్షణమే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలని ఫ్రిజ్ తలుపు మీద పెద్ద అంకెలతో రాసి అంటించాను.

కూపన్ వాడుకోవాలంటే ఇరవై వేలకు మించి కొనాలట. ఆ షరతు మెయిల్లో ఎక్కడా లేదు. మాకు ఇప్పుడు కొనవలసినదేమీ లేదు, అత్తయ్య కూడా వద్దన్నారు. రేపు ఆ కంపెనీ వినియోగదారుల విభాగానికి రాస్తాను. మీ మెయిళ్ళు మీ సొంత చిరునామా నుంచే రావాలనీ, లింకు ఇచ్చే బదులు "మా యాప్ తెరిచి చూడండి" అని ఒక్క వాక్యం రాయాలనీ, షరతును కూపన్ మొత్తం పక్కనే అంతే పెద్ద అక్షరాల్లో వేయాలనీ అడుగుతాను. మెయిలు వచ్చిన చిరునామాకు జవాబులు స్వీకరించరట, అందుకని స్పీడ్ పోస్టులో పంపుతాను.