ఫొటోలు ఎక్కట్లేదంటే ముందు ఎర్రర్ నంబర్ చూడండి

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ స్లాబ్ (కోసిన పలక) ఫొటోల్ని వెబ్‌సైట్‌లో చిన్నవి చేసి పెడితే పని జరగదు. నల్లరాయిలో బంగారు చుక్కలు ఎంత ఒత్తుగా ఉన్నాయో చూసే కొనేవాళ్లు రేటు మాట్లాడతారు. ఫొటోని బాగా కుదిస్తే ముందు చెరిగిపోయేది ఆ చుక్కలే. అందుకని ఫోన్‌లో తీసింది తీసినట్టే, ఒక్కోటి 4, 5 ఎంబీ సైజులో సర్వర్‌కి ఎక్కాలి. లాట్‌కి 24 స్లాబులనుకుంటే అన్నీ కలిపి 120 ఎంబీ. సైట్‌ని సర్వర్‌లో నడిపే పీహెచ్‌పీ చూస్తే ఒక్కో ఫైలుకి 2 ఎంబీ, మొత్తం ఫారానికి 8 ఎంబీ, ఒక్కసారికి 20 ఫైళ్లు అని గిరి గీసుకుని వస్తుంది. ఈ లెక్క చూడకుండా కనిపించిన పరిమితినల్లా 512 ఎంబీకి పెంచేసి, ఫోల్డర్‌కి 777 (ఎవరైనా రాయొచ్చన్న అనుమతి) కొట్టేస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి.

మొదట ఫారం అందుకునే పీహెచ్‌పీ స్క్రిప్ట్ పైభాగంలోనే, వచ్చిన ఫైళ్ల వివరాలుండే $_ఫైల్స్ మొత్తాన్ని ప్రింట్_ఆర్‌తో బయటికి తీసి చూడండి. నడుస్తున్న సైట్ అయితే తెరమీద వద్దు, ఎర్రర్ లాగ్‌లోకి పంపండి. ప్రతి ఫైలు కింద 'ఎర్రర్' అని ఒక అంకె ఉంటుంది. 0 ఉంటే ఫైలు సర్వర్ దాకా క్షేమంగా వచ్చింది, ఇక తప్పు మీ కోడ్‌లోనో ఫోల్డర్‌లోనో ఉంది. 1 అంటే అప్‌లోడ్_మ్యాక్స్_ఫైల్‌సైజ్ (ఒక్కో ఫైలు పరిమితి) దాటింది. 2 అంటే ఫారంలో దాచిపెట్టిన మ్యాక్స్_ఫైల్_సైజ్ ఫీల్డ్‌లోని అంకె దాటింది. ఇది పాత కోడ్‌లో ఎవరో రాసి మర్చిపోయినదై ఉంటుంది. 3 వస్తే సగంలో తెగింది. 4 వస్తే ఫైలే ఎంచుకోలేదు. 6 తాత్కాలిక ఫోల్డర్ లేదని, 7 డిస్క్ మీద రాయలేకపోయిందని, 8 ఏదో ఎక్స్‌టెన్షన్ ఆపేసిందని. 5 అనే నంబర్ లేదు, దానికోసం వెతక్కండి.

అసలు తిప్పలు పెట్టేది నంబరే రాని సందర్భం. $_ఫైల్స్ ఖాళీగా వస్తుంది, ఎర్రర్ ఉండదు. అప్పుడు ఫారంలో రాసిన వివరాలుండే $_పోస్ట్ కూడా చూడండి. అదీ ఖాళీ అయితే పోస్ట్_మ్యాక్స్_సైజ్ (మొత్తం ఫారం పరిమితి) దాటినట్టే: పీహెచ్‌పీ రెండింటినీ ఖాళీ చేసి స్క్రిప్ట్‌ని మామూలుగా నడిపిస్తుంది. 'పేరు రాయలేదు' అని ఫారం తిరిగొచ్చిందంటే చాలాసార్లు కారణం ఇదే. లాగ్‌లో 8388608 బైట్ల పరిమితి దాటిందన్న వార్నింగ్ ఉంటుంది. ఆ అంకె 8 ఎంబీయే. $_పోస్ట్‌లో వివరాలన్నీ ఉండి $_ఫైల్స్ ఒక్కటే ఖాళీగా ఉంటే, ఫారం ట్యాగ్‌లో ఎన్‌క్‌టైప్ మల్టీపార్ట్/ఫారం-డేటా అని పెట్టలేదు. అలాంటప్పుడు ఫైలు పేరు మాత్రమే వస్తుంది, ఫైలు రాదు. జావాస్క్రిప్ట్ ఫెచ్‌తో పంపేవాళ్లు ఇంకో తప్పు చేస్తారు. కంటెంట్-టైప్ హెడర్ చేత్తో రాస్తారు. ఒక ఫైలు ఎక్కడ ముగిసిందో చెప్పే బౌండరీ అనే గుర్తు బ్రౌజర్ తనంతట తాను వేసుకోవాలి, మీరు రాస్తే అది పడదు. ఆ లైన్ తీసేయండి.

పరిమితి పెంచేటప్పుడు ఒక అక్షరం దగ్గర జాగ్రత్త. 10ఎం అని రాయాలి, 10ఎంబీ అని కాదు. పీహెచ్‌పీ చివరి అక్షరం ఒక్కటే చూస్తుంది. 'బి' దానికి అర్థం కాదు కాబట్టి 10 బైట్లు అనుకుంటుంది. పోస్ట్_మ్యాక్స్_సైజ్‌లో ఆ తప్పు జరిగితే ఫొటోల సంగతి అటుంచి లాగిన్ ఫారం కూడా పనిచేయదు. 8.2 నుంచి వార్నింగ్ ఇస్తుంది గానీ విలువ మాత్రం 10 గానే తీసుకుంటుంది. పై లాట్‌కి నేను పెట్టేది ఇది: ఫైలుకి 10ఎం, పోస్ట్‌కి 128ఎం, మ్యాక్స్_ఫైల్_అప్‌లోడ్స్ (ఒక్కసారికి ఎన్ని ఫైళ్లు) 40. ఎప్పుడైనా పోస్ట్ పరిమితి అన్ని ఫైళ్ల మొత్తం కంటే ఎక్కువే ఉండాలి.

ఈ విలువల్ని స్క్రిప్ట్‌లో ఐఎన్ఐ_సెట్‌తో మార్చలేరు, ఎందుకంటే కోడ్ మొదలయ్యేసరికే ఫైలు దిగిపోయి ఉంటుంది. ఉబుంటు సర్వర్‌లో కమాండ్ లైన్‌కి ఒక పీహెచ్‌పీ.ఐఎన్ఐ (సెట్టింగుల ఫైలు), సైట్ కోసం పీహెచ్‌పీని నడిపే ఎఫ్‌పీఎంకి వేరేది ఉంటాయి. పీహెచ్‌పీఇన్ఫో పేజీలో 'లోడెడ్ కాన్ఫిగరేషన్ ఫైల్' అన్న వరస ఏది చూపిస్తే దాన్నే మార్చి, ఎఫ్‌పీఎంని రీస్టార్ట్ చేయండి. చూడటం అయ్యాక ఆ పేజీ తీసేయండి. షేర్డ్ హోస్టింగ్‌లో మీ ఫోల్డర్‌లోనే .యూజర్.ఐఎన్ఐ అనే సెట్టింగుల ఫైలు రాస్తే 300 సెకన్ల దాకా ఆగండి, మామూలుగా అంతసేపు పాతదే గుర్తుంచుకుంటుంది.

413 (పంపింది మరీ పెద్దదన్న సర్వర్ జవాబు) వస్తే పీహెచ్‌పీ జోలికి పోవద్దు, రిక్వెస్ట్ అక్కడిదాకా రానేలేదు. పీహెచ్‌పీకి ముందు ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ ఉంటే దాని క్లయింట్_మ్యాక్స్_బాడీ_సైజ్ మామూలుగా 1 ఎంబీయే. 130ఎం చేసి రీలోడ్ చేయండి.

24 ఫొటోలు పంపితే 20 మాత్రమే చేరాయా? మ్యాక్స్_ఫైల్_అప్‌లోడ్స్. 21వ స్లాబ్ నుంచి $_ఫైల్స్‌లో కనిపించవు, ఎర్రర్ నంబర్ కూడా రాదు. అందుకే బ్రౌజర్‌లో ఎంచుకున్నవి ఎన్నో ఒక ఫీల్డ్‌లో పంపి, సర్వర్‌లో వచ్చిన లెక్కతో పోల్చాలి. ఇది తప్పకుండా రాయండి. స్లాబ్ ఫొటో తగ్గిందని కొన్నవాడు చెప్పేదాకా తెలియకపోవడం మంచిది కాదు. ఆఖరి ఫొటో ఒక్కటే వచ్చిందంటే ఇన్‌పుట్ పేరు చివర చదరపు బ్రాకెట్లు [] పెట్టలేదు.

ఎర్రర్ 0 వచ్చి కూడా ఫైలు కనిపించకపోతే తాత్కాలిక ఫైలుని మీ ఫోల్డర్‌కి మార్చే మూవ్_అప్‌లోడెడ్_ఫైల్ ఏం తిరిగిచ్చిందో చూడండి. స్క్రిప్ట్ అయిపోగానే తాత్కాలిక ఫైలుని పీహెచ్‌పీయే చెరిపేస్తుంది, తర్వాత వెతికితే ఉండదు. ఫోల్డర్ దారి పూర్తిగా రాయండి. ఉబుంటులో ఫోల్డర్ సొంతదారుగా డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా (వెబ్ సర్వర్ వాడే యూజర్) ఉండి, అనుమతి 755 (సొంతదారు మాత్రమే రాయగలడు) ఉంటే చాలు. అనుమతులన్నీ సరిగ్గా ఉన్నా ఆల్మాలినక్స్ లాంటి వాటిలో రాయనివ్వకపోతే ఎస్‌ఈలినక్స్ అనే అదనపు భద్రత ఆ ఫోల్డర్‌కి వేసిన లేబుల్ చూడాలి. డిస్క్‌లో చోటు చూపే డిఎఫ్ -హెచ్‌తో పాటు, ఐనోడ్లు (ఒక్కో ఫైలుకి ఒకటి చొప్పున కావాల్సినవి) చూపే డిఎఫ్ -ఐ కూడా కొట్టండి. చోటు ఉండి ఐనోడ్లు అయిపోయినా ఫైలు రాయడం కుదరదు. ఆ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ నడవకుండా ఆపడం, ఫైలు పేరు మీరే కొత్తగా పెట్టడం, బ్రౌజర్ చెప్పిన రకాన్ని నమ్మకుండా ఫైలు లోపలి డేటా చూసి రకం చెప్పే ఎఫ్ఇన్ఫోతో చూడటం, ఈ మూడూ వదలొద్దు.

ఇక నంబర్ 3. క్వారీ దగ్గర నిలబడి ఫోన్‌లోంచి పంపుతుంటే సిగ్నల్ తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. 120 ఎంబీ, సెకనుకి 4 మెగాబిట్ల వేగంతో వెళ్లినా 4 నిమిషాలు పడుతుంది. మూడో నిమిషంలో తెగితే 24 ఫొటోలూ మళ్లీ మొదటి నుంచే. టైమ్‌అవుట్లు పెంచడం దీనికి మందు కాదు. జావాస్క్రిప్ట్‌తో ఒక్కో స్లాబ్‌ని ఒక్కో రిక్వెస్ట్‌గా పంపండి, పక్కన లాట్ నంబర్, స్లాబ్ నంబర్ ఇవ్వండి. అప్పుడు 128ఎం కూడా అక్కర్లేదు, పోస్ట్‌కి 12ఎం సరిపోతుంది, 20 ఫైళ్ల గొడవ ఉండదు. తెగిన స్లాబ్ ఎదురుగా ఎర్రగా చూపించి 'మళ్లీ పంపు' బటన్ పెడితే, 17వది ఆగినా ఆ ఒక్కటే తిరిగి వెళ్తుంది.