డ్రైవర్ దారికొచ్చిన తీరు

గోల్ఫ్‌లో బంతిని కొట్టే కర్రని క్లబ్ అంటారు. వాటిలో సన్నటి లోహపు తల ఉండే ఐరన్లతో నాకు పెద్ద ఇబ్బంది ఉండేది కాదు. సెవెన్ ఐరన్‌తో కొడితే బంతి అటూఇటూగా అనుకున్న వైపే పోయేది. అన్నింటికంటే దూరం కొట్టే పొడవాటి క్లబ్, డ్రైవర్, తీస్తే మాత్రం సగం దూరం వరకు బుద్ధిగా వెళ్లి, అక్కడి నుంచి కుడికి తిరిగి చెట్లలో పడేది. కుడిచేతి వాటం వాళ్లకి ఇలా కుడికి వంపు తిరిగే షాట్‌నే స్లైస్ అంటారు. కొత్తవాళ్లలో చాలామందిది ఇదే గోల.

కుడికి పోతోంది కదా అని ఎడమకి గురిపెట్టి నిలబడటం మొదలుపెట్టాను. గురి ఎంత ఎడమకి జరిపితే వంపు అంత పెరిగేది! ఇదేం విడ్డూరమో అర్థం కాలేదు. రేంజ్‌లో, అంటే సాధన చేసే మైదానంలో, కోచ్ దగ్గర చేరాక ఆయన చెప్పిన లెక్క ఇదీ. బంతి బయల్దేరే దిక్కుని చాలావరకు క్లబ్ ఫేస్, అంటే బంతికి తగిలే ముఖం, నిర్ణయిస్తుంది. ఫేస్ చూసే వైపుకీ, క్లబ్ కదిలే దారికీ మధ్య ఎంత తేడా ఉంటే బంతి అంత వంపు తిరుగుతుంది. నేను ఎడమకి తిరిగి నిలబడితే క్లబ్ దారి కూడా ఎడమకి జరుగుతోంది, ఫేస్ మాత్రం జెండా వైపే చూస్తోంది. అంటే స్లైస్‌ని నేనే పెంచి పోషిస్తున్నా. మరి ఇదే స్వింగ్‌కి సెవెన్ ఐరన్ ఎందుకు ఊరుకుంటోంది? దానికి లాఫ్ట్, అంటే ఫేస్ వెనక్కి వాలిన కోణం, ఎక్కువ. బంతికి వెనక్కి తిరిగే స్పిన్ బాగా వస్తుంది కాబట్టి పక్కవంపు అంతగా బయటపడదు. డ్రైవర్ లాఫ్ట్ సాధారణంగా 9 నుంచి 12 డిగ్రీల లోపు. అక్కడ ఏ తేడా దాగదు.

ఆయన నా స్వింగ్ జోలికి వెంటనే పోలేదు. నిలబడే తీరు చూశారు. ఐరన్‌తో నేల మీది బంతిని పైనుంచి దిగుతూ కొడతాం. డ్రైవర్ బంతి టీ అనే చిన్న మేకు మీద గాల్లో ఉంటుంది. క్లబ్ తన దారిలో అన్నింటికంటే కిందికి దిగి మళ్లీ పైకి లేవడం మొదలెట్టినప్పుడు తగిలితే బంతి ఎత్తుగా లేస్తుంది, అనవసరమైన స్పిన్ తగ్గుతుంది. పురుషుల ప్రొఫెషనల్ టూర్ ఆటగాళ్లలో కొంచెం దిగుతూ కొట్టేవాళ్లూ ఉన్నారు, కానీ వాళ్ల క్లబ్ వేగం గంటకి 110 మైళ్లు దాటుతుంది. మనలాంటి వాళ్లకి పైకి కొట్టడమే లాభం. అందుకే బంతిని ఎడమ మడమ లోపలి వైపుకి జరపమన్నారు, పాదాలు కాస్త ఎడంగా పెట్టమన్నారు, కుడి భుజం కొద్దిగా దించమన్నారు. టీ ఎత్తు కూడా మార్పించారు. క్లబ్ నేల మీద ఆనిస్తే సగం బంతి దాని పైఅంచు మీదుగా కనబడాలట. బంతి కింద నుంచి క్లబ్ దూరిపోయి షాట్ నిట్టనిలువునా లేస్తుందన్న భయంతో నేను టీని బాగా లోపలికి గుచ్చేవాణ్ణి.

అసలు చిక్కు ఇక్కడే బయటపడింది. బంతి ముందుకి జరగ్గానే దాన్ని అందుకోవడానికి నా భుజాలు ఎడమకి తెరుచుకుంటున్నాయి. పాదాలు తిన్నగానే ఉన్నాయి కాబట్టి నాకు తెలియలేదు. కోచ్ ఒక క్లబ్‌ని నా ఛాతీకి అడ్డంగా ఆనించి, "అది ఎటు చూపిస్తోందో చూడండి" అన్నారు. బంతి పడాల్సిన కత్తిరించిన గడ్డి, అదే ఫెయిర్‌వే, దాటి ఎక్కడికో చూపిస్తోంది. భుజాలు అటు తిరిగితే క్లబ్ బయటి నుంచి లోపలికి కోసుకుంటూ రావడం ఖాయం. అప్పటి నుంచి నా పద్ధతి మారింది. ముందు పాదాలు దగ్గరగా పెట్టి బంతికి ఎదురుగా నిలబడతాను, ఎడమ కాలు కొద్దిగా, కుడి కాలు ఎక్కువగా జరుపుతాను. బంతి దానంతటదే ముందు వైపుకి వస్తుంది, భుజాలు కదలవు.

గ్రిప్ కూడా కాస్త మార్చాం. ఎడమ చేతిని కుడివైపుకి తిప్పితే రెండు వేలికణుపులు కనబడ్డాయి. వెంటనే బంతులు హుక్ అవడం, అంటే ఎడమకి గట్టిగా వంపు తిరగడం, మొదలైంది. నిజం చెప్పాలంటే సంబరపడ్డాను, కనీసం రెండో వైపు చెట్లు కూడా చూశాను కదా!

తర్వాత కోచ్ క్లబ్ ఫేస్ మీద పాదాలకి వేసుకునే పౌడర్ స్ప్రే కొట్టారు. తెల్లటి పూత మీద బంతి తగిలినచోట గుర్తు పడుతుంది. నా గుర్తులన్నీ హీల్ వైపు, అంటే షాఫ్ట్ (క్లబ్ కర్ర) దగ్గరికి, గుంపుగా ఉన్నాయి. అక్కడ తగిలితే క్లబ్ తల కాస్త మెలితిరిగి బంతికి స్లైస్ వైపు స్పిన్ ఇస్తుంది. వేగమూ పోతుంది. స్వింగ్‌లో బరువు కాలివేళ్ల మీదకి వచ్చి నేను బంతి వైపు వాలిపోతున్నానన్నమాట. దీనికి విరుగుడుగా బంతికి అవతల, క్లబ్ కొనకి కొంచెం దూరంలో, ఇంకో టీ గుచ్చి దాన్ని తగలకుండా కొట్టమన్నారు. విసుగొచ్చే సాధన, కానీ గుర్తులు నెమ్మదిగా మధ్యకి జరిగాయి.

"నెమ్మదిగా కొట్టు" అని రేంజ్‌లో అందరూ ఉచితంగా సలహా ఇస్తారు. నాకది పనికిరాలేదు. నెమ్మదించబోతే చేతులు చచ్చుబడి ఫేస్ ఇంకా తెరుచుకునేది. కొట్టాక తూలకుండా నిలబడగలిగినంత వేగం అని పెట్టుకున్నాను, అది కుదిరింది. షాట్‌ని కొలిచే లాంచ్ మానిటర్‌లో చూస్తే నా క్లబ్ వేగం పెద్దగా పెరగలేదు. బంతి వేగాన్ని క్లబ్ వేగంతో భాగిస్తే వచ్చే స్మాష్ ఫ్యాక్టర్ మాత్రం మెరుగుపడింది. డ్రైవర్‌కి అది దాదాపు 1.5 దాకా పోవచ్చు. దూరం అక్కడి నుంచి వచ్చింది.

కోర్సులో మరికొన్ని నేర్చుకున్నాను. మొదటి షాట్ కొట్టే చోటుకి హద్దులైన టీ మార్కర్ల మధ్యే ఆడాలి, కానీ వాటి గీత మీదే పెట్టాలని లేదు, వెనక్కి రెండు క్లబ్ పొడవుల వరకు ఎక్కడైనా చదునైన చోటు చూసుకోవచ్చు. కొట్టబోయే ముందు బంతి టీ మీంచి జారిపడితే పెనాల్టీ లేదు, మళ్లీ పెట్టుకోవచ్చు. కొట్టాలని ఊపి తప్పితే మాత్రం అది స్ట్రోకే. బంతి కోర్సు హద్దు దాటి అవుట్ ఆఫ్ బౌండ్స్‌కి పోయిందన్న అనుమానం వస్తే కదిలే ముందే ప్రొవిజనల్ (తాత్కాలిక) బంతి ఆడతానని చెప్పి ఇంకోటి కొట్టాలి, లేకపోతే మళ్లీ టీ దగ్గరికి నడవాల్సిందే.

కుడివైపు అంతా అవుట్ ఆఫ్ బౌండ్స్ ఉన్న ఇరుకు హోల్స్‌లో ఇప్పటికీ డ్రైవర్ తియ్యను, డ్రైవర్ కంటే కాస్త పొట్టి క్లబ్, త్రీ వుడ్, చాలు. రౌండ్ చివర్లో అలసట వస్తే భుజాలు మళ్లీ తెరుచుకుంటాయి. అందుకే ఆఖరి హోల్స్‌లో టీ వేసే ముందు క్లబ్‌ని ఛాతీకి ఆనించి ఓసారి చూసుకుంటాను. తోటి ఆటగాళ్లు నవ్వితే నవ్వనీ.