పిల్లికి పీల్చే ఇన్సులిన్ వాడవచ్చా?

మా పిల్లికి షుగర్ ఉందనీ, రెండు పూటలా సూది వేస్తున్నామనీ తెలిసిన తిరుపతి మిత్రులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "మనుషులకు పీల్చే ఇన్సులిన్ వచ్చింది కదండీ, పాపం దానికి కూడా అదే ఇవ్వకూడదా?" ఆ జాలి నాకు అర్థమవుతుంది. అయినా నా సమాధానం "వద్దు" అనే.

మనుషుల కోసం తయారైన ఎక్సుబెరా అనే పీల్చే ఇన్సులిన్‌కు 2006లో అమెరికాలో అనుమతి లభించింది. అమ్మకాలు అంతగా లేకపోవడంతో ఫైజర్ సంస్థ మరుసటి ఏడాదే దాన్ని ఉపసంహరించుకుంది. 2014లో అనుమతి పొందిన మరో పీల్చే ఇన్సులిన్ అఫ్రెజా మాత్రం వాడుకలో నిలిచింది. అయితే అది భోజనం మొదట్లో పీల్చే మందు, త్వరగా పనిచేసి త్వరగానే తగ్గిపోతుంది. పిల్లి రోజంతా కొంచెం కొంచెంగా తింటుంది కనుక, దానికి నిలకడగా పనిచేసే ఇన్సులిన్ కావాలి. ఉబ్బసం ఉన్నవారికి అఫ్రెజా నిషిద్ధం. పిల్లుల్లో ఉబ్బసం అరుదేమీ కాదు.

ఆరోగ్యంగా ఉన్న పిల్లులకు ఇన్సులిన్ తుంపరలను పీల్పిస్తే రక్తంలో గ్లూకోజు తగ్గిందని 2008లో ఒక పరిశోధన వెలువడింది. ఆశ కలిగించే విషయమే. కానీ "గట్టిగా ఊపిరి పీల్చు" అని చెబితే పిల్లి వినదు. ముఖానికి మాస్కు పెట్టినప్పుడు తల తిప్పేస్తే, ఊపిరితిత్తులకు చేరినదెంత, ముక్కులోనూ మాస్కులోనూ మిగిలిపోయినదెంత అన్నది ఇంట్లో తేల్చడం ఎలా? ఒక యూనిట్ తేడా కూడా లెక్కలోకి వచ్చే చిన్న ప్రాణికి ఈ అనిశ్చితి ప్రమాదకరం.

నిజానికి సూది అంత బాధాకరమేమీ కాదు. మా పిల్లి గిన్నెలో తల పెట్టి తింటున్నప్పుడు, భుజాల మధ్య వదులుగా ఉండే చర్మాన్ని గుడారంలా పైకెత్తి, వెంట్రుక లాంటి సన్నని సూదిని లోపలికి పోనిస్తాను. అది తినడం కూడా ఆపదు. భయపడవలసింది సూదికి కాదు, సిరంజి విషయంలో పొరపాటుకు. మన మందుల షాపుల్లో ఎర్ర మూత సిరంజి మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే ఇన్సులిన్‌కు, నారింజ మూత సిరంజి మిల్లీలీటరుకు 100 యూనిట్లుండే ఇన్సులిన్‌కు ఇస్తారు. పిల్లులకు ఎక్కువగా వాడే, నిలకడగా పనిచేసే గ్లార్జిన్ అనే ఇన్సులిన్ 100 యూనిట్లది. దాన్ని ఎర్ర మూత సిరంజిలో గీత చూసి తీస్తే, వేయవలసినదానికి రెండున్నర రెట్లు లోపలికి పోతుంది. అలా మోతాదు ఎక్కువై, రక్తంలో గ్లూకోజు బాగా తగ్గి పిల్లి తూలుతూ, నీరసంగా పడిపోతే వెంటనే చిగుళ్లకు కొంచెం తేనె రాసి, ఆలస్యం చేయకుండా పశువైద్యుల దగ్గరకు తీసుకెళ్లాలి.

పిండిపదార్థాలు తక్కువగా, మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న ఆహారంతో పాటు గ్లార్జిన్‌ను తొలినాళ్లలోనే క్రమంగా వాడితే, కొన్ని పిల్లులకు కొంతకాలానికి ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. అందుకే, సూది మీది జాలితో ఆ తొలి నెలలను జారవిడుచుకోవద్దని షుగర్ ఉన్న పిల్లిని పెంచుకునేవారందరినీ వేడుకుంటున్నాను.