ఆ వాట్సాప్ గ్రూపు

పాత ఫోన్‌లో స్కూల్ గ్రూపు కనిపించింది. 2020 మార్చిలో బడులు మూశారు, జూన్ వచ్చేసరికి ఫీజు మెసేజ్‌లు మొదలు. 'పాఠాలే సరిగ్గా లేవు, ఫీజెందుకు?' అని ముందు పెట్టింది నేనే. మిగతా పేరెంట్సంతా వరసగా థంబ్స్ అప్ కొట్టారు. 'మేనేజ్‌మెంట్‌తో మాట్లాడతాను సార్' అన్నారు మావాడి టీచర్ మేడం, అంతే.

ఆ వారమే తిరుపతి బైరాగిపట్టెడలో ఆమె కనిపించారు. సిగ్నల్ కోసం మేడ మెట్ల మీద కూర్చుని క్లాసు చెప్తున్నారు. ఒళ్లో చంటిపాప, ఫోనేమో బియ్యం డబ్బాకు ఆనించి ఉంది. (మావాడు కెమెరా ఆపేసి నిద్రపోయేవాడు, అది వేరే సంగతి.) క్లాసయ్యాక, 'సగం జీతం సార్, అదీ రెండు నెలలకోసారి' అన్నారు నవ్వుతూ. నాకు నోట మాట రాలేదు.

2021 ఆగస్టు 16న మళ్లీ బడులు తెరిచేసరికి ఆమె లేరు. గ్రూపులో ఆమె చివరి మెసేజ్: 'హోంవర్క్ ఫొటో పెట్టండి.' దాని కింద ఒక్కరూ పెట్టలేదు, మావాడితో సహా.