బ్రౌన్ కవరు

పొద్దున తలుపు సందులోంచి బ్రౌన్ కవరు పడింది. ఇక్కడ బ్రిటన్‌లో ట్యాక్స్ ఆఫీసు ఉత్తరాలొచ్చేది అలాంటి కవర్లలోనే. మా ఆవిడ దాన్ని ఫ్రిజ్ మీద పెట్టేసి, "ముందు టీ తాగండి" అంది. గుక్క దిగితేగా!

తీరా చూస్తే పాప చైల్డ్ బెనిఫిట్ ఉత్తరం, పిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చే డబ్బు గురించి. ఇద్దరం పిచ్చివాళ్లలా నవ్వుకున్నాం.

ఆ తర్వాత ఊరుకోలేక పాత ఫైలు దించాను. 2012 నాటి పే స్లిప్. కనీస వేతనం లెక్కన కాస్త జీతం, మిగతాదంతా ఎక్కడో దీవిలోని ట్రస్టు ఇచ్చిన 'లోన్'. అప్పు ఆదాయం కాదు కాబట్టి దాని మీద ట్యాక్స్ ఉండదని ఆ స్కీము. "పెద్ద లాయర్ ఓకే చేశాడు, అంతా లీగలే" అన్నాడు ఆ స్కీము అమ్మినవాడు. తీర్చక్కర్లేని అప్పు ఎవడిస్తాడని అడగాలని నాకు తట్టనే లేదు. రెడింగ్‌లో మా కాంట్రాక్టర్ల బ్యాచ్‌లో సగం మంది అందులోనే.

2017లో అలాంటి లోన్ల మీద పన్ను వేసే 'లోన్ ఛార్జ్' చట్టం వచ్చింది. 2019 ఏప్రిల్ 5 నాటికి తీరని లోన్లన్నీ ఆదాయం కిందే లెక్క. మొదట 1999 దాకా వెనక్కి తవ్వి, గొడవయ్యాక 2010 డిసెంబరు 9 దగ్గర ఆపారు. నాది 2012. నాకేం ఒరగలేదు.

కట్టాల్సినంత కట్టలేదు, ఒప్పుకుంటాను. కానీ ఏటా ట్యాక్స్ రిటర్న్‌లో ఆ స్కీము నంబరు రాసే పంపాను. అప్పుడెవరూ కిక్కురుమనలేదు. కమీషన్ తిన్నవాడి కంపెనీ మూతపడింది. బిల్లు నా పేరు మీద.

సాయంత్రం గుంటూరు నుంచి నాన్న ఫోన్. "అక్కడ ఇల్లెప్పుడు కొంటావురా?"

"చూద్దాం నాన్నా" అన్నాను.