జాన్ నోట ఆర్థర్ మాట ఎందుకు రాలేదు

రెడ్ డెడ్ రిడెంప్షన్ అనే వీడియో గేమ్ రెండో భాగం కంప్యూటర్‌లోకి 2019 నవంబరులో వచ్చింది. మొదటి భాగం మాత్రం 2024 అక్టోబరు చివరి దాకా రాలేదు. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ ఇంట్లో లేకుండా కంప్యూటర్ మీదే ఆడే నాలాంటి వాళ్ళకి అందువల్ల 2018 నాటి ఆట ముందు, 2010 నాటి ఆట తర్వాత చేతికొచ్చాయి. అలా జరగడం నా అదృష్టం అనుకుంటున్నాను, ఎందుకంటే రెండో భాగం కథ 1899లో నడుస్తుంది, మొదటి భాగం కథ 1911లో. అంటే కథ జరిగిన వరసలోనే నేను ఆడాను. కథంతా బయటపెట్టేస్తున్నా కాబట్టి, ఇంకా ఆడనివాళ్ళు ఆడాక వచ్చి చదవండి, తొందరేం లేదు.

మొదటి భాగంలో జాన్ మార్స్టన్ రైలెక్కి ఆర్మడిల్లో దిగి, తన పాత ముఠావాళ్ళని ఒక్కొక్కరినే వెతుక్కుంటూ పోతాడు. బిల్ గురించి చెప్తాడు, హావియర్ గురించి చెప్తాడు, ముఠా నాయకుడు డచ్ గురించి చాలా చెప్తాడు. రెండో భాగం హీరో ఆర్థర్ మోర్గన్ పేరు ఒక్కసారి కూడా ఎత్తడు. ఎత్తడని నాకు ముందే తెలుసు, 2010లో ఆర్థర్ అనే పాత్రే పుట్టలేదు కదా, ఎలా ఎత్తుతాడు? అయినా ప్రతి మంట దగ్గరా, గుర్రం మీద పోతూ మాట్లాడుకునే ప్రతి సంభాషణలోనూ, ఇప్పుడంటాడేమో అని ఎదురుచూస్తూనే ఉన్నాను. కొన్నాళ్ళకి ఆ మౌనం రాసేవాళ్ళకి తట్టని విషయంలా అనిపించడం మానేసింది. తన ప్రాణం కాపాడి చనిపోయిన మనిషి గురించి కొత్తవాళ్ళ ముందు నోరు విప్పలేని మగవాడి మౌనంలా వినపడటం మొదలైంది. మా ఊళ్ళో అలాంటి వాళ్ళని చూశాను, చనిపోయిన అన్న పేరు ఇంట్లో ఇరవై ఏళ్ళు ఎత్తనివాళ్ళని.

ఎనిమిదేళ్ళ ముందు వచ్చిన ఆటలో ఒక్క మాట కూడా మార్చకుండా దాని అర్థం మొత్తం మార్చేశారు. సీక్వెల్ రాయడంలో ఇంతకన్నా గొప్ప పని నేను చూడలేదు.

ముందు కథ రాయడంలో ఒక చిక్కుంది, ముగింపు అప్పటికే అందరికీ తెలిసిపోయి ఉంటుంది. జాన్ 1911లో కొట్టం తలుపులు తీసుకుని బయటికొచ్చి ప్రభుత్వ మనుషుల తుపాకుల ముందు ఒంటరిగా నిలబడతాడని, డచ్ కొండ అంచు నుంచి వెనక్కి పడిపోతాడని 2010లో ఆడినవాళ్ళందరికీ తెలుసు. జాన్‌నే మళ్ళీ హీరోని చేస్తే 1899లో వాడికి ఎన్ని తూటాలు తగిలినా మనకి టెన్షన్ ఉండదు, ఎలాగూ బతుకుతాడు. డాన్ హౌజర్, మైకేల్ అన్‌స్వర్త్, రూపర్ట్ హంఫ్రీస్ రాసిన ఈ కథలో కళ్ళెం ఇంకెవరి చేతికో ఇచ్చారు. ముఠాలో పెద్దకొడుకు లాంటివాడు, తెలివితక్కువవాడినని తనే చెప్పుకుంటూ రాత్రిళ్ళు డైరీలో చక్కటి బొమ్మలు గీసుకునేవాడు, డచ్ ఏది చెప్తే అది చేసేవాడు.

ఆ చేసే పనుల్లో ఒకటి అప్పుల వసూలు. ముఠాలో స్ట్రాస్ అనే ఆయన పేదవాళ్ళకి వడ్డీకి డబ్బులిస్తాడు, ఆర్థర్ వెళ్ళి కొట్టి వసూలు చేసుకొస్తాడు. వాలెంటైన్ అనే ఊరి దగ్గర థామస్ డౌన్స్ అనే జబ్బు మనిషిని, భార్యా కొడుకూ చూస్తుండగా, వాళ్ళ ఇంటి కంచె దగ్గరే కొట్టాలి. కొట్టనని తప్పుకునే వీలు ఆటలో లేదు, బటన్ నొక్కాల్సింది మనమే. ఆయన దగ్గి, రక్తం ఆర్థర్ ముఖం మీద పడుతుంది. మనం తుడుచుకుని వెళ్ళిపోతాం. నేను నిజంగానే మర్చిపోయాను, ఆ తర్వాత వేట, చేపలు, రైలు దోపిడీలు, ఎన్ని గంటలో. ఆర్థర్‌కి దగ్గు మొదలైనప్పుడు కూడా నాకు తట్టలేదు.

తట్టింది అమ్మకి. రాత్రి పదకొండింటికి పక్క గదిలోంచి "ఎవర్రా ఆ దగ్గేది?" అని లేచొచ్చింది. ఆటలోదమ్మా అంటే కాసేపు నిలబడి చూసి, "అది మామూలు దగ్గు కాదు, మీ తాతయ్యది కూడా ఇలాగే ఉండేది" అని వెళ్ళిపోయింది. తాతయ్యకి క్షయ వచ్చింది, మందులు నెలల తరబడి వాడి తగ్గించుకున్నారు, ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికారు. ఆర్థర్‌కి ఆ దారి లేదు. 1882లోనే ఆ జబ్బుకి కారణమైన క్రిమిని కనిపెట్టారు గానీ, దాన్ని చంపే మొదటి మందు స్ట్రెప్టోమైసిన్ దొరికింది 1943లో. సెయింట్ డెనిస్‌లో డాక్టరు ఆర్థర్‌కి చెప్పగలిగింది వెచ్చగా, పొడిగా ఉండే చోటికి వెళ్ళి విశ్రాంతి తీసుకోమనే. ఆయన గదిలోంచి బయటికొచ్చాక ఆర్థర్ వీధిలో నడుస్తుంటే నేను పరిగెత్తే బటన్ ముట్టుకోలేదు.

సినిమాలో అయితే వేరేవాడు చేసిన పాపం మనం చూస్తాం. ఇక్కడ చెయ్యి నాది. పాత్ర పశ్చాత్తాపపడుతున్నప్పుడు నాకూ పడటానికి కారణం ఉంది, డౌన్స్ భార్యని మళ్ళీ కలిసినప్పుడు ఆమె ముఖంలోకి చూడలేకపోయాను. మంచిగా నడిపిస్తే రైల్వే స్టేషన్‌లో సిస్టర్ కాల్డరోన్ అనే నన్ పక్కన కూర్చుని ఆర్థర్ తనకి భయంగా ఉందని ఒప్పుకుంటాడు. ఆర్థర్‌గా రోజర్ క్లార్క్ నటనకి 2018 గేమ్ అవార్డ్స్‌లో బహుమతి వచ్చింది, నాకైతే ఆ ఒక్క దృశ్యానికే ఇవ్వొచ్చు.

అన్నీ బాగున్నాయని అనను. ముఠాలోని మైకా బెల్ మొదటి రోజు నుంచే ద్రోహిలా కనిపిస్తాడు, మాట, మీసం, నవ్వు అన్నీ అరిచి చెప్తుంటాయి, అంత తెలివైన డచ్ వాణ్ణి ఎలా నమ్మాడని కొంచెం కష్టపడి సర్దిచెప్పుకోవాలి. గ్వార్మా దీవి అధ్యాయం హడావుడిగా అయిపోతుంది. కథ నడిచే మిషన్‌లలో చెప్పిన దారి నుంచి నాలుగడుగులు పక్కకేస్తే ఫెయిల్ అంటుంది, అంత పెద్ద ప్రపంచం కట్టి ఈ బిగింపు ఎందుకో. కానీ సేడీ యాడ్లర్ లాంటి మనిషిని రాసిన చేతుల్ని నేను పెద్దగా తప్పుపట్టలేను, మొగుణ్ణీ ఇంటినీ పోగొట్టుకుని దుప్పటి కప్పుకుని వణుకుతూ వచ్చిన ఆవిడ చివరికి ముఠాలో అందరికన్నా నిబ్బరంగా నిలబడుతుంది.

ఆర్థర్ పోయాక ఆట జాన్ చేతికి వస్తుంది. అదే టోపీ, అదే సంచి, అదే డైరీ. డైరీ తెరిస్తే చేతిరాత మారిపోయి ఉంటుంది, బొమ్మలు వంకరగా ఉంటాయి. ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

జాన్ వెనక్కి చూడకుండా కుటుంబంతో బతకాలనే కదా ఆర్థర్ కోరుకున్నది. 1907లో జాన్ ఇల్లు కట్టుకుంటాడు, తన కొడుకు తల్లి అబిగేల్‌ని పెళ్ళి చేసుకోమని అడుగుతాడు, కానీ మైకా కబురు తెలియగానే అబిగేల్ వద్దంటున్నా వెళ్ళి పగ తీర్చుకుంటాడు. ఆట చివర పేర్లు పడుతున్నప్పుడు మైకా శవం దగ్గర మొదలుపెట్టి ప్రభుత్వ ఏజెంట్ ఎడ్గర్ రాస్ జాన్ ఇంటి దాకా జాడ పట్టుకుంటూ వస్తాడు. అంటే ఆర్థర్ కోసం జాన్ చేసిన పనే ఆర్థర్ ఇచ్చిన బతుకుని తినేసింది. మొదటి భాగం మొత్తం అక్కడినుంచే పుడుతుంది.

రాస్‌ని ముందే ఒకసారి చూస్తాం. జాన్ కొడుకు, నాలుగేళ్ళ జాక్‌ని ఆర్థర్ ఏటి ఒడ్డుకి చేపలకి తీసుకెళ్తాడు, పిల్లాడికి గాలం మీద ధ్యాస ఉండదు, వాళ్ళమ్మ కోసం పూలదండ అల్లుకుంటుంటాడు. అప్పుడు ముఠాని వెంటాడే డిటెక్టివ్ మిల్టన్‌తో కలిసి వచ్చి నిలబడ్డ రెండో మనిషి రాస్. మొదటి భాగం చివర్లో, 1914లో, పెద్దవాడైన జాక్ ఆ రాస్‌ని కాల్చి చంపేది కూడా ఒక ఏటి ఒడ్డునే. 2010లో రాసిపెట్టిన ఆ ఒడ్డుకి 2018లో వెనక్కి వెళ్ళి ఇంకో ఒడ్డు జతచేశారు. మొదటి భాగంలోని ఆ ఒడ్డు దగ్గర నేను ఆడుతున్నప్పుడు జాక్ చేతిలో తుపాకీ కనపడలేదు, ఆ పూలదండే కనపడింది.

ఇప్పుడు మా తమ్ముడు మొదలుపెట్టాడు. ఏది ముందు ఆడాలన్నా అని అడిగితే రెండోదే అని చెప్పాను. వాడింకా ఆట మొదట్లో వచ్చే కోల్టర్ మంచులో ఉన్నాడు, నిన్న రాత్రి తోడేళ్ళ బారి నుంచి జాన్‌ని భుజాన వేసుకుని దించాడట. పొద్దున్న టిఫిన్ తింటూ "ఆర్థర్‌కి ఆ జాన్ అంటే అంత చిరాకెందుకన్నా?" అన్నాడు. ఆడు, తెలుస్తుంది అని ఊరుకున్నాను.