బరువు ఏ కాలి మీద ఉంది?

మన కళాశాల జువాలజీ ల్యాబులో, ఫార్మలిన్ సీసాల అలమర పక్కన, గాజుపెట్టెలో ఒక డేగపుంజు నిలబడి ఉండేది, గుర్తుందా? 1987లో, చనిపోయిన పుంజు చర్మంతో దాన్ని బతికున్నట్టు తయారుచేసిన నలుగురిలో నేనొకణ్ణి.

హాస్టల్ వంటమనిషి పెంచిన ముసలి పుంజు అది. అది బతికుండగానే మా జువాలజీ మాస్టారు మా చేత వారం రోజులు దాని బొమ్మలు గీయించారు. ఏ బొమ్మ చూపినా ఆయన అడిగేది ఒక్కటే: "బరువు ఏ కాలి మీద ఉంది?" పక్షి కాలికి వెనక్కి వంగినట్టు కనిపించే కీలు చీలమండ అనీ, అసలు మోకాలు ఈకల్లో దాగి ఉంటుందనీ ఆ పెరట్లోనే తెలుసుకున్నాను.

అది చనిపోయిన రోజే పని మొదలైంది. రొమ్ము మీద సన్నగా కోసి, తడి పీల్చడానికి తవుడు చల్లుతూ చర్మం ఒలిచాం. పుర్రె, రెక్కల ఎముకలు, కాళ్ల ఎముకలు చర్మంతోనే ఉంచి, చర్మం పాడవకుండా లోపల బోరాక్సు పొడి పట్టించాం. ఈ పనిని "గడ్డి కూరడం" అంటే మాస్టారు ఒప్పుకునేవారు కాదు. కూరితే అయ్యేది సంచి. తీసిన మొండేన్ని ఎదురుగా పెట్టుకుని, అంతే పొడవు, అంతే లావు వచ్చేలా గడ్డిని దారంతో బిగించి చుట్టాలి. కాళ్లలోంచి తీగ దూర్చి దానికి కట్టాలి. తడి చర్మం సాగుతుంది. నా చేతిలో మెడ రెండంగుళాలు పెరిగింది. మాస్టారు కోప్పడలేదు. కుట్లు విప్పి, రాత్రి పదకొండు దాకా నా పక్కనే కూర్చున్నారు. ఆరాక తురాయి ముడుచుకుని రంగు పోయింది. దానికి ఎరుపు వేసింది ఆయనే.

చాలా ఏళ్ల తర్వాత న్యూయార్క్‌లో, అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో జంతువుల చర్మాలను ఇలాగే నిలబెట్టడంలో పేరుపొందిన కార్ల్ ఏక్లీ పేరిట ఉన్న హాలులోకి అడుగుపెట్టాను. నడుమ ఎనిమిది ఏనుగులు. ఏక్లీ జంతువును ముందు బంకమట్టితో కండరాలతో సహా మలిచేవాడు. దానికి ప్లాస్టర్ అచ్చు తీసి, అందులో తేలికైన బోలు ఆకారం పోసి, ఆపైనే చర్మం తొడిగేవాడు. 1926లో కాంగోలో చనిపోయాడు. 1936లో తెరిచిన ఈ హాలును చూడనే లేదు. ఆ ఏనుగుల ముందు నేను మొదట చూసింది పాదాలు. ప్రతి కాలూ తన వంతు బరువు మోస్తోంది. మాస్టారు అక్కడ ఉంటే ఎంత బాగుండునో అనిపించి కళ్లు చెమర్చాయి.

పుంజు ఈకల్ని పురుగు తింటోందని మిత్రులు చెప్పారు. కొత్త గాజుపెట్టె నేను తెస్తాను. ఒక్క మాట: అదే అలమరలోని గుడ్లగూబ మనకంటే పాతది. ఆ కాలంలో చర్మాలకు ఆర్సెనిక్ అనే విషం కలిపిన సబ్బు పూసేవారు. తొడుగులు లేకుండా దాన్ని ఎవరూ తాకవద్దు.